మూడొందల రోజుల మూట

పదవీ విరమణ సభల్లో ఒక మాట తప్పదు. శాలువా కప్పాక, దండ వేశాక, సంఘం కార్యదర్శి మైకు అందుకుని గొంతు సవరించుకుంటాడు: "మన సార్ ముప్పై మూడేళ్ల సర్వీసులో గట్టిగా సెలవు పెట్టి ఎరగరు!" హాలంతా చప్పట్లు. ముందు వరసలో ఉన్న సార్ సతీమణి మాత్రం చేతులు కదపదు. పురిటికి పుట్టింటికి ఎవరు దిగబెట్టారో, పిల్లాడికి టైఫాయిడ్ వస్తే ఆసుపత్రిలో రాత్రుళ్లు ఎవరు కూర్చున్నారో ఆవిడకి బాగా గుర్తు. సార్ మొహం మాత్రం వెలిగిపోతుంటుంది. ఎందుకు వెలగదు? ఖాతాలో 300 ఆర్జిత సెలవులు (ఈఎల్‌లు) చెక్కు చెదరకుండా ఉన్నాయి.

జనవరి 1న పదిహేను, జూలై 1న పదిహేను ఈఎల్‌లు ప్రభుత్వోద్యోగి ఖాతాలో పడతాయి. 300 దాటి నిలవ ఉండవు. వాడుకోనివాటికి రిటైరయ్యేటప్పుడు జీతం లెక్కన డబ్బిస్తారు. మనిషి కాస్త ఒళ్లు విశ్రమించాలని పెట్టిన ఏర్పాటు ఇది. మనవాళ్లకి అందులో చివరి వాక్యమొక్కటే కనబడింది. ఇక ఈఎల్ పెట్టడమంటే ఫిక్స్‌డ్ డిపాజిట్‌ని గడువు తీరకుండా విరగ్గొట్టినంత పాపం. నడుం పట్టేస్తే మెడికల్ సర్టిఫికెట్ మీద వేరే సెలవు. తిరుపతి వెళ్లాలంటే రెండో శనివారానికి, ఆదివారానికి అటొక సీఎల్, ఇటొక సీఎల్ అతికిస్తారు. ఈఎల్ జోలికి మాత్రం పోరు.

చేతిలో డబ్బాడకపోతే సరెండర్ లీవు ఉండనే ఉంది. పదిహేను రోజుల సెలవు సర్కారుకి అప్పజెప్పి జీతం పుచ్చుకోవడం. సర్కారు సెలవులైతే ఆ రోజే తీసేసుకుంటుంది, బిల్లు మాత్రం ట్రెజరీలో కాళ్లు చాపుకుని పడుకుంటుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉద్యోగ సంఘాల డిమాండ్ల చిట్టాలో సరెండర్ బకాయిలు ఏళ్ల తరబడి కనిపిస్తూనే ఉన్నాయి. అంటే ఉద్యోగి తీసుకోని విశ్రాంతిని అతని బిల్లు తీసుకుంటోందన్నమాట. పోనీ, ఒకరికైనా దక్కింది.

ఢిల్లీ వారికీ ఈ వ్యాపారం నచ్చినట్టుంది. ప్రైవేటు ఉద్యోగి మానేసేటప్పుడో రిటైరయ్యేటప్పుడో సెలవులు అమ్ముకుంటే వచ్చే సొమ్ములో 3 లక్షలకే ఉన్న పన్ను మినహాయింపుని 2023 బడ్జెట్లో 25 లక్షలకి పెంచారు. అంతకుముందు 2020 అక్టోబరులో, సెలవు పెట్టి ఊళ్లు తిరిగే ఉద్యోగికి ప్రయాణ ఖర్చులిచ్చే ఎల్టీసీకి ఇంకో చక్కటి ఉపాయం కనిపెట్టారు. ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, 12 శాతమో ఆపైనో జీఎస్టీ ఉన్న సరుకు కొని బిల్లు చూపిస్తే చాలు. కరోనా రోజులు, కాదనను. అయినా ఊటీ చూపిస్తానన్న మొగుడు వాషింగ్ మెషీన్ చూపించి "ఇదే మన విహారయాత్ర" అంటే ఆ ఇల్లాలు ఏమనుకోవాలి?

హైదరాబాద్ ఐటీ కుర్రాళ్లకి ఈఎల్ లెక్కలు అంతగా పట్టవు. వాళ్ల తంటా వేరు. విశ్రాంతి తీసుకోండి, రీఛార్జ్ అవండి అని హెచ్చార్ వారు ప్రేమగా మెయిలు పెడతారు. దాంతోపాటు ఒత్తిడి తగ్గించుకోవడం ఎలా అన్న వెబినార్ కూడా ఉంటుంది, సరిగ్గా భోజనాల వేళకి. సంక్రాంతికి సెలవడిగితే మేనేజరు నవ్వుతూనే ఒప్పుకుంటాడు: "హాయిగా వెళ్లిరండి. లాప్‌టాప్ దగ్గరుంచుకోండి చాలు." అలా కొత్తల్లుడు కోనసీమ వెళ్లి, సిగ్నల్ కోసం డాబా ఎక్కి, చెవిలో ఇయర్‌ఫోన్ తియ్యకుండానే అరిసెలు తింటాడు. సెలవులో ఉన్నానంటూ దానంతటదే జవాబిచ్చే మెయిలు పెట్టుకున్నాడు కదా అంటారా? దాని అడుగున "అత్యవసరమైతే ఈ నంబరుకి" అని రాసింది కూడా తనే.

ఆమాటకొస్తే ఆదివారం సెలవూ ఊరికే రాలేదు. బొంబాయి మిల్లు కార్మికుల్ని కూడగట్టి నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి పోరాడితే 1890లో ఆదివారం సెలవు దక్కింది. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ అధిపతి సుబ్రహ్మణ్యన్ గారి వీడియో ఒకటి బయటికొచ్చింది. ఆదివారాలు మీచేత పని చేయించలేకపోతున్నానే అని అందులో ఆయన తన ఉద్యోగుల ముందు బాధపడ్డారు, ఇంట్లో కూర్చుని భార్య మొహం ఎంతసేపు చూస్తారని అడిగారు. ఆదివారం కూడా వంటింట్లోంచి బయటపడని ఆ భార్యకి మొహం చూపించే తీరికెక్కడిదో ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.

ఇంతకీ, మనిషిని బలవంతాన సెలవు మీద పంపే నిబంధన ఈ దేశంలో లేకపోలేదు. పెట్టింది కార్మిక శాఖ కాదు, రిజర్వు బ్యాంకు. ట్రెజరీ, కరెన్సీ చెస్ట్ వంటి కీలకమైన చోట్ల పనిచేసే బ్యాంకు సిబ్బందిని ఏటా కనీసం 10 పనిదినాలు వరసగా, ముందు మాటమాత్రం చెప్పకుండా సెలవు మీద పంపాలని 2021 జూలైలో ఆదేశించింది. ఆ పది రోజులూ మామూలు ఆఫీసు మెయిలు తప్ప పనికి సంబంధించిన దేన్నీ ముట్టుకోనివ్వరు. జాలి అనుకునేరు, జాగ్రత్త! లెక్కల్లో గోల్‌మాల్ చేసేవాడు సీటు వదిలి కదలలేడు, కదిలితే బండారం బయటపడుతుంది. అంటే మన దేశంలో ఫోను మోగని సెలవు కావాలంటే ముందు నలుగురూ అనుమానించదగ్గ కుర్చీలో కూర్చోవాలి.

నిజాయితీపరుడు సీటు వదలకపోవడానికీ భయమే కారణమని నా అనుమానం. తను లేని పది రోజుల్లో ఫైళ్లు మామూలుగానే కదిలాయనీ, సోమవారం రివ్యూ మీటింగు జరగలేదని ఎవరూ గమనించనే లేదనీ తేలితే? అందుకే రిజర్వు బ్యాంకు నిబంధనని అన్ని ఆఫీసులకీ, ముఖ్యంగా మేనేజర్లకీ వర్తింపజేయాలంటాను. ఈ మాట ఆ సంఘం కార్యదర్శి చెవిన వేస్తే ఆయన శ్రద్ధగా విని, కళ్లజోడు సర్దుకుని, ఒకే ఒక్క సందేహం అడుగుతాడు: "బావుందండీ. ఆ పది రోజులూ ఎన్‌క్యాష్ చేసుకోవచ్చా?"