బోనెక్కని మాస్టార్లు

మా రోజుల్లో పోలీసు ట్రైనింగ్ కాలేజీకి బదిలీ అయిందంటే తోటివాళ్లు అభినందించడానికి కాదు, పరామర్శకి వచ్చేవారు. "ఎవరికి కోపమొచ్చిందండీ?" అని మెల్లగా అడిగేవారు. లూప్‌లైన్ పోస్టింగ్ అది. జీపుండదు, స్టేషనుండదు, ఫోను మోగదు. అలా ఎవరి కోపానికో గురై వచ్చినవాళ్లే మాకు పాఠాలు చెప్పారు.

ఇప్పుడు ఆర్థిక నేరాల మీద ట్రైనింగ్ అంటే ముందు రంగుల బ్రోషరు వస్తుంది. అందులో ఫ్యాకల్టీ ఫొటోలు, కింద బయోడేటాలు. ఒకాయన చార్టర్డ్ అకౌంటెంటు. ఒకావిడ బ్యాంకులో ఫ్రాడ్ అనలిటిక్స్ చూసి వచ్చారు. ఇంకో కుర్రాడు సాఫ్ట్‌వేర్ వదిలి సైబర్ ఫోరెన్సిక్స్‌లోకి దిగాడు. మరొకరు లా ప్రొఫెసరు. పేర్ల వెనకున్న తోకలన్నీ చదివేసరికి చేతిలో టీ చల్లారిపోతుంది. అందరూ తెలివైనవాళ్లే, కాదనను. నా గొణుగుడల్లా ఒక్కటే. వీళ్లలో సాక్షి బోనెక్కినవాళ్లు ఎందరు?

హైదరాబాద్ రామంతపూర్‌లో సెంట్రల్ డిటెక్టివ్ ట్రైనింగ్ స్కూలు 1964 నుంచీ ఉంది. ఇప్పుడు దాన్ని ఇన్‌స్టిట్యూట్ అంటున్నారు. ఆ చుట్టుపక్కలే ఫోరెన్సిక్ లేబరేటరీ, దొంగ సంతకాలు పరీక్షించే జీఈక్యూడీ ఆఫీసు ఉండేవి. మా కాలంలో మోసం కేసంటే అంతా కాగితమే. ఫోర్జరీ చెక్కు, దొంగ డ్రాఫ్టు, దిద్దిన లెడ్జరు. మా బ్యాచికి పాఠం చెప్పిన డీఎస్పీ గారు ఏం చదివారో మాలో ఎవరికీ తెలీదు, అడిగే ధైర్యమూ లేదు. నమూనా చేతిరాత ఎలా తీసుకోవాలో మాత్రం పూటంతా చెప్పారు. ముద్దాయికి అసలు కాగితం చూపించకూడదు. మనం చదువుతుంటే వాడు రాయాలి. ఒక షీటు అవగానే లాగేసుకుని కొత్తది ఇవ్వాలి. ఓసారి నెమ్మదిగా చదవాలి, ఓసారి గబగబా. రాత మార్చేవాడు మొదటి రెండు షీట్లూ జాగ్రత్తగానే ఉంటాడు, ఆరో షీటుకొచ్చేసరికి చెయ్యి నొప్పెట్టి వాడి సొంత ‘క’ బయటపడుతుంది. అప్పుడు అనుమానపు రాత చుట్టూ రంగు పెన్సిలుతో గీసి క్యూ-1 అని, నమూనాకి ఎస్-1 అని గుర్తు పెట్టాలి. ఇదంతా ఆయనకి పుస్తకంలో దొరకలేదు. "అసలు కాగితం చూపించే రాయించారు కదా?" అంటూ డిఫెన్సు లాయరు ఒకాయన కోర్టులో సాయంత్రం దాకా నిలబెట్టి చెమటలు పట్టిస్తే వచ్చిన చదువది.

అలాగని మా కాలాన్ని మరీ ఆకాశానికెత్తెయ్యను. ఆ డీఎస్పీ గారికే బ్యాలెన్స్ షీటు ఇస్తే తలకిందులుగా పట్టుకున్నా పట్టుకునేవారు. లెక్కలు తారుమారు చేస్తే ఐపీసీ 477-ఏ అని బోర్డు మీద రాసేవారు, ఎలా తారుమారు చేస్తారో చెప్పే దిక్కు లేదు. అది మాకు నేర్పింది రిటైరైన బ్యాంకు హెడ్‌క్లర్కులు. వోచర్ల కట్ట విప్పి, పక్కన డే బుక్కు పెట్టుకుని, "సస్పెన్స్ ఖాతాలో పడి ఎన్నాళ్లకీ లేవని ఎంట్రీ చూడండి సార్, దొంగ అక్కడే పడుకునుంటాడు" అనేవారు. అలాంటి ఒకాయన్ని క్లాసుకి పిలుద్దామని నేనంటే, పోలీసు కాని మనిషికి డయస్ మీద కుర్చీ ఎలా వేస్తామన్నారు పైవాళ్లు. 2001 ప్రాంతంలో హైదరాబాద్‌లో కృషి బ్యాంకు మునిగి, డిపాజిటర్లు రోడ్డెక్కినప్పుడు ఆ కుర్చీ విలువ తెలిసొచ్చింది.

సత్యం కంప్యూటర్స్ కుంభకోణం సంగతికొద్దాం. 2009 జనవరి 7న బయటికొచ్చిన కంపెనీ ఛైర్మన్ లేఖలోనే ఉంది, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనేలేవని. కేసు ముందు మన సీఐడీ చూసింది, తర్వాత సీబీఐకి వెళ్లింది. వాళ్లు పోలీసుల పక్కన లెక్కలు తెలిసినవాళ్లనీ కంప్యూటర్లు తెలిసినవాళ్లనీ కూర్చోబెట్టారు. దొంగ ఇన్‌వాయిస్‌లని కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనే మిగతావాళ్లకి కనపడకుండా దాచిన తీరు నా తరం ఇన్‌స్పెక్టరు పది జన్మలెత్తినా పట్టలేడు. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదుల దగ్గర అడగాల్సిన ప్రశ్న మా హెడ్‌క్లర్కు అడిగేదే. "ఈ రసీదు మీ బ్రాంచి ఇచ్చిందేనా?" దానికి ఏ డిగ్రీ కావాలి? 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు దోషులుగా తేల్చిన పదిమందిలో ఆడిటర్లూ ఉన్నారు మరి. పేరు వెనక తోకుంటే చాలు, పాఠం వచ్చేస్తుందంటే నాకు నమ్మకం కుదరనిది అందుకే.

ఆమధ్య ఒక అకాడమీలో గెస్టుగా పిలిస్తే వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. సైబర్ కుర్రాడు, ఫైలుకి వేలిముద్ర లాంటి హ్యాష్ విలువ గురించి చెబుతున్నాడు. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో ఇచ్చే సర్టిఫికెట్లో అది రాయాల్సిందే. ఫైల్లో ఒక్క అక్షరం మార్చి, హ్యాష్ మొత్తం మారిపోవడం తెర మీద చూపించాడు. భలేగా చెప్పాడు, నాకే అర్థమైంది! అంతలో ఒక మహిళా ఎస్సై లేచి, "సార్, ల్యాప్‌టాప్ సీజ్ చేసేటప్పుడు ఆన్‌లో ఉంటే పంచనామాలో ఏం రాయాలి?" అని అడిగింది. "అది మీ లీగల్ టీమ్ చూసుకుంటుంది" అన్నాడు. ఆ అమ్మాయి స్టేషన్లో లీగల్ టీమ్ అంటే రైటరు. ఆయన జాతర బందోబస్తుకి వెళ్లుంటాడు. హ్యాష్ ఎలా లెక్కగడతారో చెప్పినవాడు, దాన్ని మేజిస్ట్రేటు గారికి రెండు తెలుగు ముక్కల్లో ఎలా చెప్పాలో, లాయరు మన నోట్లోంచి మాట లాగుతుంటే ఎక్కడ ఆగాలో చెప్పలేకపోయాడు. పాపం వాడి తప్పేముంది? కోర్టు గడప తొక్కితేగా.

తొక్కినవాళ్లు క్లాసుకి రారు. పెద్ద చిట్‌ఫండ్ కేసు చేసిన ఇన్‌స్పెక్టరుకి అది తెమిలేలోపు నాలుగు బదిలీలవుతాయి. ఏ జిల్లాలో ఉన్నా వాయిదాలకి పరుగెత్తుతూనే ఉంటాడు. అకాడమీకి డిప్యుటేషన్ మీద వెళ్లమంటే ఫోకల్ పోస్టు పోతుందని సిఫార్సులు చేయించుకుని ఆపుకుంటాడు. కాంట్రాక్టు మీద వచ్చిన నిపుణుడేమో, ఎఫ్ఐఆర్‌కీ ఛార్జిషీటుకీ తేడా తెలిసే నాటికి ప్రైవేటు కంపెనీలో జీతం రెట్టింపై వెళ్లిపోతాడు. మళ్లీ కొత్త బ్రోషరు, కొత్త ఫొటో.

నేను రిటైరై ఇన్నేళ్లయినా నా పాత బ్యాంకు కేసొకటి ఇంకా నడుస్తూనే ఉంది. వచ్చే నెల వాయిదాకి సమన్లు వచ్చాయి. క్రాస్ ఎగ్జామినేషన్ ఉంది, అవతల లాయరు మంచి గట్టివాడు. ఆ అకాడమీలో కోర్సు చూసే డీఎస్పీకి ఫోన్ చేసి, "బాబూ, ఆ రోజు నీ ట్రైనీలని తెచ్చి కోర్టు హాల్లో వెనక కూర్చోబెట్టు. నన్ను ఉతికి ఆరేస్తుంటే చూస్తారు, నాలుగు ముక్కలు నేర్చుకుంటారు" అన్నాను.

"టైమ్‌టేబుల్లో ఆ రోజు బ్లాక్‌చెయిన్ ఉంది సార్" అన్నాడు.