ప్రదక్షిణలు ఇక్కడ, దక్షిణ అక్కడ

చెంప మీద కొట్టిన చేతికి గోరింటాకు పెట్టడంలో మన ప్రభుత్వాన్ని మించినవాళ్ళు లేరు. 2025 సెప్టెంబర్ 19న ట్రంప్ గారు కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము వేశారు. మన లెక్కలో అది దాదాపు 90 లక్షల రూపాయలు. మూడు నెలలు తిరక్కుండానే, డిసెంబర్‌లో, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో అమెరికా కాన్సులేట్ పక్కనుంచి పోయే రోడ్డుకు 'డొనాల్డ్ ట్రంప్ అవెన్యూ' అని పేరు పెడదామని తెలంగాణ ప్రభుత్వం ప్రతిపాదించింది. రోడ్డుకు పేరు పెడితే రుసుము తగ్గుతుందని ఏ పంచాంగంలో చూశారో మరి!

ఈ భక్తి నిన్న మొన్నటిది కాదు. 2000 మార్చిలో క్లింటన్ వస్తున్నాడంటే ఊరంతా ముస్తాబు చేశాం. 2006 మార్చిలో బుష్ వచ్చి వ్యవసాయ విశ్వవిద్యాలయంలో గేదెలను చూసి వెళితే మురిసిపోయాం. 2017 నవంబర్‌లో ట్రంప్ కూతురు ఇవాంకా వస్తే రోడ్లకు రంగులేసి, బిచ్చగాళ్ళను ఏరి షెల్టర్లకు తరలించాం. జనగామ జిల్లా కొన్నెలో ఒక యువ రైతు అయితే ఏకంగా ఆరడుగుల ట్రంప్ విగ్రహం పెట్టి పాలాభిషేకం చేశాడు. హైటెక్ సిటీ అతన్ని చూసి నవ్వింది. నవ్వకుండా ఉండాల్సింది. ఆ పల్లెటూరి భక్తుడు కనీసం తాను చేస్తున్నది పూజ అని ఒప్పుకున్నాడు. మనవాళ్ళు దాన్ని జియోపాలిటిక్స్ అంటారు.

మైండ్‌స్పేస్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా ఏ గేటెడ్ కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులోనైనా ఇలాంటి జియోపాలిటిక్స్ పండితుడు ఒకాయన తప్పకుండా ఉంటాడు. తమ్ముడు న్యూజెర్సీలో, కూతురు టెక్సస్‌లో, తను నల్లగండ్లలో. 2024 నవంబర్‌లో ట్రంప్ గెలిచిన పొద్దున గ్రూపు నిండా లడ్డూ బొమ్మలు పంచింది ఈయనే. ఈయన సిద్ధాంతం చాలా సులువు. అక్కడి రిపబ్లికన్లు సంప్రదాయవాదులు, మనమూ సంప్రదాయవాదులమే. వాళ్ళకు దేవుడు, కుటుంబం, దేశం ముఖ్యం, మనకూ అంతే. వాళ్ళకు గిట్టనివాళ్ళు మనకూ గిట్టరు. కాబట్టి ట్రంప్ మనవాడు, ఆయన వెనకున్న పాస్టర్లు మన బాబాయిలు.

వాళ్ళ దేవుడు ఎవరో మాత్రం ఈయన ఎప్పుడూ అడగలేదు.

పాపం, వాళ్ళేమీ దాచుకోలేదు. 1979లో జెర్రీ ఫాల్‌వెల్ అనే బాప్టిస్టు పాస్టర్ 'మోరల్ మెజారిటీ' పెట్టి మరుసటేడు రీగన్ జెండా మోసిన దగ్గర్నుంచి అంతా బాహాటమే. గర్భస్రావం మీద ధర్మాగ్రహంతోనే వాళ్ళు రాజకీయాల్లోకి దిగారని లోకం అనుకుంటుంది. మత చరిత్రకారుడు రాండల్ బాల్మర్ మాత్రం అసలు కథ పన్నులదని రాశాడు. జాతి వివక్ష పాటించే క్రైస్తవ విద్యాసంస్థలకు పన్ను మినహాయింపు పోతుందనేసరికి పాస్టర్లకు ఒక్కసారిగా రాజకీయం గుర్తొచ్చిందట. ఆ తగాదాలో మొదట వినిపించే పేరు దక్షిణ కెరొలైనాలోని బాబ్ జోన్స్ విశ్వవిద్యాలయం. అక్కడ ఒక జాతి అబ్బాయి మరో జాతి అమ్మాయితో తిరగకూడదు. ఈ నియమాన్ని ఎత్తేసింది ఎప్పుడనుకున్నారు? 2000 మార్చిలో. మనం హైటెక్ సిటీలో క్లింటన్‌కు నమస్కారాలు పెడుతున్న ఆ నెలలోనే. ఇక మన గేదెలను చూసి వెళ్ళిన బుష్ గారు, ఆ నియమం ఇంకా అమల్లో ఉండగానే, అంతకుముందు నెలలో అక్కడికెళ్ళి ఓట్లడిగి వచ్చారు.

అడిగిన ఓట్లు పడ్డాయి. ఇప్పటికీ పడుతున్నాయి. తెల్లజాతి ఇవాంజెలికల్ క్రైస్తవ ఓటర్లలో పదిమందికి ఎనిమిదిమంది మూడుసార్లూ ట్రంప్‌కే వేశారు. వేసినందుకు ముట్టాల్సింది ముట్టింది. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు 1973 నాటి గర్భస్రావ హక్కును కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో అలబామా సుప్రీంకోర్టు, ఫెర్టిలిటీ క్లినిక్ ఫ్రీజర్లలో ఉన్న పిండాలు కూడా పిల్లలే అంది. అక్కడి ప్రధాన న్యాయమూర్తి ఆ సందర్భంలో బైబిల్ వచనాలు ఉటంకించారు. అదే ఏడాది లూసియానా రాష్ట్రం ప్రభుత్వ బడుల్లో ప్రతి తరగతి గదికీ పది ఆజ్ఞలు తగిలించాలని చట్టం చేసింది. మరుసటేడు టెక్సస్ ఆ దారి పట్టింది. రెండు చోట్లా ఆ చట్టాలు కోర్టుకెక్కాయి, అది వేరే సంగతి. ఆ పదింటిలో మొట్టమొదట చెప్పేది వేరే దేవుడు ఉండకూడదని, ఆ వెంటనే చెప్పేది విగ్రహాలకు మొక్కకూడదని. అంటే నల్లగండ్ల పండితుడి మనవరాలు ఆదివారం ఇంట్లో సత్యనారాయణ వ్రతం ప్రసాదం తిని, సోమవారం బడికెళ్ళి, నిన్న అమ్మమ్మా తాతయ్యా జూమ్‌లో చూస్తుండగా చేసింది పాపమని గోడ మీద చదువుకోవాలి. ఆ చట్టం కోరిక ఇదే. తాతగారు లడ్డూలు పంచింది ఈ చట్టం చేసిన పార్టీ కోసమే.

ఆయనకు మొదటిసారి దిమ్మ తిరిగింది షుగర్‌ల్యాండ్ విషయంలో. హ్యూస్టన్ పక్కన షుగర్‌ల్యాండ్‌లోని అష్టలక్ష్మి ఆలయంలో 2024 ఆగస్టులో 90 అడుగుల హనుమంతుణ్ణి ప్రతిష్ఠించారు. సంకల్పం చిన జీయర్ స్వామిది. శంషాబాద్ దగ్గర ముచ్చింతల్‌లో 216 అడుగుల రామానుజులను నిలబెట్టింది కూడా వారే. ఏడాది గడిచింది. 2025 సెప్టెంబర్‌లో, లక్ష డాలర్ల ప్రకటన వెలువడిన ఆ రోజుల్లోనే, టెక్సస్ నుంచి సెనేట్‌కు పోటీ చేస్తానని బయల్దేరిన అలెగ్జాండర్ డంకన్ అనే రిపబ్లికన్, అబద్ధపు దేవుడి అబద్ధపు విగ్రహాన్ని మన గడ్డ మీద ఎందుకు ఉండనిస్తున్నాం, మనది క్రైస్తవ దేశం కదా అని ట్వీట్ పెట్టాడు. పండితుడు అవాక్కయ్యాడు. బాబాయ్ ఇలా అనేశాడేమిటి!

కాస్త చరిత్ర తిరగేసి ఉంటే ఇంత ఆశ్చర్యం ఉండేది కాదు. 1925లో టెనెసీ రాష్ట్రం డేటన్‌లో, డార్విన్ పాఠం చెప్పాడని జాన్ స్కోప్స్ అనే మాస్టారికి 100 డాలర్ల జరిమానా వేశారు. మనిషికీ కోతికీ చుట్టరికం ఉందంటేనే కోర్టుకెక్కిన సంప్రదాయం అది. ఆ సంప్రదాయం ఏలుతున్న నేల మీద మనం వానర వీరుణ్ణి 90 అడుగుల ఎత్తున నిలబెట్టి, వాళ్ళు వచ్చి కొబ్బరికాయ కొడతారని ఎదురుచూశాం.

2025 అక్టోబర్‌లో దీపావళి వచ్చింది. ఎఫ్‌బీఐ డైరెక్టర్ కాష్ పటేల్ శుభాకాంక్షలు చెప్పాడు. ట్రంప్‌కు అంతకన్నా నమ్మినబంటు దొరకడు. అయినా టెక్సస్ పాస్టర్ ఒకాయన, మీ దేశానికి పోయి మీ దయ్యాలను పూజించుకోండని జవాబిచ్చాడు. ఆ నెలాఖరున మన ఇంటి ఆడపడుచు వంతు. పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు గుళ్ళో ఎవరి కోసం పూజలు చేశారో ఆ ఉషా చిలుకూరి భర్త, ఉపాధ్యక్షుడు వాన్స్, అక్టోబర్ 29న మిసిసిపీ విశ్వవిద్యాలయంలో వేలమంది ముందు, తన భార్య కూడా ఏదో ఒకనాడు తనలాగే చర్చి వైపు రావాలని ఆశపడుతున్నానన్నాడు. విమర్శలు చెలరేగాక ఆమెకు మతం మారే ఆలోచన లేదని సర్ది చెప్పాడు. అల్లుడు అత్తగారి దగ్గర మన వంట నేర్చుకున్నాడని 2024 రిపబ్లికన్ మహాసభలో ఉష చెప్పినప్పుడు తెలుగు టీవీలు పొంగిపోయాయి. ఒప్పందం వంటింటి వరకేనని ఇప్పుడు తెలిసింది. ఇంకో సంగతి. వాన్స్ 2019లో కాథలిక్కుగా మారాడు. పాత కాలపు ఫండమెంటలిస్టులకు కాథలిక్కులన్నా ఒళ్ళు మంటే. అధికారం చేతికందే వేళకు ఆ పాత పగ ఎలాగో చల్లారింది. మనకూ అలాంటి రాయితీ ఏదో ఇస్తారని నల్లగండ్ల ఇంకా ఆశగా చూస్తోంది.

బైబిల్ చేతబట్టి కుర్చీ అడిగే పాస్టర్లు మనకు కొత్తా? కె.ఎ. పాల్ గారు లేరూ! ఉత్తరాంధ్ర నుంచి అమెరికా వెళ్ళి, బోయింగ్ 747 వేసుకుని లోకమంతా శాంతి సభలు పెట్టి వచ్చిన ఘనుడు. 2019లో హెలికాప్టర్ గుర్తు మీద నరసాపురంలో నిలబడితే డిపాజిట్ దక్కలేదు. 2022లో మునుగోడులో ఉంగరం గుర్తు మీద దిగితే వెయ్యి ఓట్లు కూడా రాలేదు. తెలుగు ఓటరు ఆయన వీడియోలన్నీ చూశాడు, కడుపుబ్బ నవ్వాడు, ఓటు మాత్రం ఇంకొకరికి వేశాడు. మన ప్రజాస్వామ్యం గురించి నేను గర్వపడే సందర్భాలు తక్కువ, ఇది వాటిలో ఒకటి.

అమెరికా నవ్వలేదు. 2020 నవంబర్‌లో ఓట్ల లెక్కింపు సాగుతుండగా ట్రంప్ ఆధ్యాత్మిక సలహాదారు పౌలా వైట్ వేదికెక్కి, ఆయన గెలుపు కోసం ఆఫ్రికా నుంచీ దక్షిణ అమెరికా నుంచీ దేవదూతలు బయల్దేరారని పూనకంతో ప్రకటించారు. వీసా లాటరీ లేదు, స్లాట్ బుకింగ్ లేదు, 221(జి) చీటీ లేదు, నేరుగా ప్రవేశమే! ఆ ఎన్నికలో దేవదూతల ఓట్లు చాల్లేదు గానీ, 2025 ఫిబ్రవరిలో ఆవిడకు వైట్‌హౌస్‌లోనే 'ఫెయిత్ ఆఫీస్' అని పెట్టి కుర్చీ వేశారు. ఈలోగా 2024లో ట్రంప్ గారు స్వయంగా 59.99 డాలర్ల బైబిల్‌కు ప్రచారం చేసుకున్నారు. ఆ బైబిళ్ళు చైనాలో అచ్చయి వచ్చాయని అసోసియేటెడ్ ప్రెస్ బయటపెట్టింది. అందులో దేవుడి వాక్యంతో పాటు అమెరికా రాజ్యాంగం కూడా కుట్టి ఇచ్చారు. కొన్నవాళ్ళు ఆ భాగం తెరిచినట్టు మాత్రం కనపడదు.

ఇంతవరకూ చదివి 'క్రైస్తవులను బాగా ఉతికాడు' అని ఫార్వర్డ్ చేయబోతున్న పండితుల వారూ, ఒక్క నిమిషం ఆగండి. మీ తమ్ముడికి వీసా రావాలని చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ 11 ప్రదక్షిణలు చేసి, వచ్చాక 108 చేశారు గుర్తుందా? హుండీ లేని గుడి అది. అక్కడి ప్రధానార్చకులు రంగరాజన్ 2018లో ఒక దళిత భక్తుణ్ణి భుజాల మీద ఎత్తుకుని జియాగూడ రంగనాథుడి గుడిలోకి నడిచారు. 2025 ఫిబ్రవరి 7న ఆయన ఇంట్లోకి ఒక గుంపు దూరి ఆయన మీద చెయ్యి చేసుకుంది. వాళ్ళు పాస్టర్లు కారు. రామరాజ్యం పేరు చెప్పుకుని, సైన్యానికి మనుషులనూ డబ్బునూ సమకూర్చమని వచ్చినవాళ్ళు. పోలీసులు నాయకుణ్ణి అరెస్టు చేశారు. దేవుడి పేరిట రాజ్యం, దానికో సైన్యం, దానికి చందా. డంకన్ గారి దండు అడిగేదీ దాదాపు ఇదే కదా, భాష తేడా తప్ప.

ఆ రోజు మీ గ్రూపు నిశ్శబ్దంగా ఉంది. డంకన్ మీద మాత్రం రోజంతా మండిపడ్డారు. మండిపడ్డ వేలితోనే రాత్రికి, ఇది హిందూ దేశం, ఇష్టం లేనివాళ్ళు వెళ్ళిపోవచ్చనే ఫార్వర్డు పంపారు. మీ రెండో ఫ్లాట్‌కు టు-లెట్ బోర్డు చూసి ఎవరైనా ఫోన్ చేస్తే మీరు మొదట అడిగేది కంపెనీ కాదు, జీతం కాదు, పేరు. పేరు నచ్చకపోతే ఫ్లాట్ నిన్ననే ఇచ్చేశామంటారు. డంకన్‌కు తెలుగు రాదు గానీ, వచ్చి ఉంటే మీ గ్రూపుకు అడ్మిన్ అయ్యేవాడు.

డంకన్ చెప్పింది చరిత్ర ప్రకారం కూడా తప్పే. ట్రిపోలీతో 1797లో ఖాయమైన ఒప్పందంలోనే, అమెరికా ప్రభుత్వం క్రైస్తవ మతం పునాది మీద కట్టింది కాదని రాసుకున్నారు. సెనేట్ ఏకగ్రీవంగా ఆమోదించింది, అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ సంతకం పెట్టాడు. అంతకు ఆరేళ్ళ ముందు, 1791లో, రాజ్యాంగానికి చేసిన మొదటి సవరణ ఏ మతాన్నీ రాజ్యమతం చేయకూడదనీ, ఎవరి పూజకూ అడ్డు రాకూడదనీ తేల్చింది. షుగర్‌ల్యాండ్ హనుమంతుడి జోలికి ఎవరూ రాలేకపోతున్నారంటే కారణం ట్రంప్ స్నేహం కాదు, వాట్సాప్ లడ్డూలు కాదు, ఆ సవరణ. దాన్ని అక్కడ కోర్టుల్లో కాపాడుకొస్తున్నది మన పండితుడు పొద్దున లేస్తే తిట్టే లిబరల్ వకీళ్ళు.

ఎవరి పూజకూ అడ్డు రాకూడదని చెప్పే 25వ అధికరణం మన రాజ్యాంగంలోనూ ఉంది. టెక్సస్‌లో కూతురికి మొదటి సవరణ కావాలనుకునేవారు, నల్లగండ్లలో పక్క ఫ్లాట్ వాడికి 25వ అధికరణం ఇవ్వండి. ఆ రెండో ఫ్లాట్ ఇంకా ఖాళీగానే ఉంది కదా, రేపు ఫోన్ వస్తే పేరు అడక్కండి.