ఉద్యోగదాత: ఒక పరిచయం

డిగ్రీ పట్టా చేతికొచ్చాక ఎటు పోవాలో తోచక, ఆ తోచకపోవడంతోనే పదిమందికి పని కల్పించే యువతీ యువకులను ఉద్యోగదాతలు అంటారు. యువత జాబ్ అడగడం మానేసి జాబ్ ఇచ్చే స్థాయికి ఎదగాలని ఈ వారం కూడా ఒక పెద్దాయన మైకు ముందు సెలవిచ్చారు. ఆ ఎదుగుదల ఎప్పుడో జరిగిపోయిన సంగతి ఆయనకు చేరినట్టు లేదు.

హైదరాబాద్‌లో వీరు ముఖ్యంగా రెండుచోట్ల కనిపిస్తారు. సాఫ్ట్‌వేర్ వైపు చూసేవారు అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ, సర్కారు కొలువు వైపు చూసేవారు అశోక్‌నగర్, చిక్కడపల్లి సందుల్లో. ఒకే మనిషి రెండుచోట్లా తగలడం మామూలే. సివిల్‌లో బీటెక్ పాసై, ఆర్నెల్లు పైథాన్ నేర్చి, గ్రూప్స్‌కు కూర్చుని, మధ్యలో బ్యాంకు, ఎస్సై పరీక్షలు రాసి, ఎందుకైనా మంచిదని జీఆర్ఈ పుస్తకం కొన్నవారు వీరిలో శ్రేష్ఠులు. పెళ్లిలో ఎవరైనా "ఏం చేస్తున్నావు బాబూ?" అంటే వీరి జవాబు ఒక్కటే: "ప్రిపేరవుతున్నా."

ఒక్కో ఉద్యోగదాత కింద సిబ్బంది బాగానే ఉంటారు. ముగ్గురు పట్టే గదిలో ఆరు మంచాలు వేసిన హాస్టల్ ఓనరు, నెలకింతని కుర్చీ అద్దెకిచ్చే స్టడీ హాలువారు, కరెంట్ అఫైర్స్‌కు స్పైరల్ బైండింగ్ చేసే జిరాక్స్ కుర్రాడు, పాలిటీ సారు, ఆ సారు నవ్వుమొహాన్ని ఫ్లెక్సీ మీద ముద్రించినవాడు, రాత్రి పదకొండింటికి ఎగ్ దోశ వేసే బండి ఆమె. అందరి జీతమూ ఇక్కడినుంచే. పెట్టుబడి మాత్రం ఊళ్లో నాన్న వడ్లమ్మిన డబ్బు. నెల మొదటి వారంలో ఫోన్‌పేలో దిగుతుంది.

దారి తెలిసినవాడు ఒక్క కోచింగ్‌కే ఫీజు కడతాడు, తెలియనివాడు నాలుగింటికి కడతాడు. అంచేత పట్టభద్రులందరికీ ఓ ఉదయం దారి కనబడితే మధ్యాహ్నానికి అశోక్‌నగర్ ఖాళీ, సాయంత్రానికి హాస్టల్ ఓనర్లు రెజ్యూమెలు పట్టుకుని రోడ్డు మీద. ఆ విపత్తు రాకుండా ప్రభుత్వాలు తగిన జాగ్రత్తలోనే ఉన్నాయి. తెలంగాణ వచ్చాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో, 503 పోస్టులకు వచ్చింది. అక్టోబరు 16న జరిగిన ప్రిలిమ్స్ పేపరు లీకేజీతో 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్లీ పెట్టారు. బయోమెట్రిక్ తీసుకోలేదని సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్ 9న మూడో ప్రిలిమ్స్. ఇరవయ్యారు నెలలపాటు ఎవరి ఉపాధికీ భంగం కలగలేదు.

లీకు కేసులో అరెస్టయినవారిలో ఈ పరీక్షలు పెట్టే పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఉద్యోగులే ఉన్నారు. వేలిముద్రలు తీసుకోవాల్సింది కమిషనే. హాల్‌టికెట్ మడతపెట్టి జేబులో పెట్టుకుని తెల్లారుజామున బస్సెక్కిన పిల్లలు చేసిన తప్పేమిటి? ఆ రెండేళ్ల అద్దె ఎవరు తిరిగిచ్చారు? పోయిన వయసెవరిస్తారు? వాళ్ల దారికి అడ్డంగా రెండుసార్లు గొయ్యి తవ్వి, వీళ్లకు గమ్యం లేదని వేదికలెక్కి చెప్పడానికి సిగ్గుండాలి.

ఉద్యోగదాత పదవీ విరమణ వయోపరిమితి దాటిన రోజున జరుగుతుంది. వీడ్కోలు సభ ఉండదు. బకెట్టు, దుప్పటి, పుస్తకాల అట్టపెట్టె కిందికి దిగుతాయి. మర్నాటికి హాస్టల్ గేటుకు స్కెచ్ పెన్నుతో రాసిన అట్టముక్క వేలాడుతుంది: ఒక బెడ్ ఖాళీ.