అధ్యయనార్థం రామాయణం

కలకత్తాలో మా పక్కింటి దాదా పక్కా మార్క్సిస్టు. మతం మత్తుమందని టీ తాగకముందు ఒకసారి, తాగాక ఒకసారి అనేవాడు. దుర్గాపూజకి పందిరి పక్కనే పార్టీ పుస్తకాల స్టాలు వేసి, అమ్మవారికి వీపు పెట్టి కూర్చునేవాడు. (జనం వచ్చేది అమ్మవారి కోసమే. ఆ సంగతి ఎత్తకూడదు.)

1987 జనవరి 25న దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ రామాయణం మొదలైంది. ఆ మార్చి ఎన్నికల్లో వామపక్ష కూటమి 294 సీట్లలో 251 గెలిచింది. రాష్ట్రం ఎర్రబడింది, ఆదివారం తొమ్మిదిన్నర మాత్రం కాషాయంలోనే ఉండిపోయింది. చేపల బజారులో గంటసేపు బేరమాడే దాదా ఎనిమిదిన్నరకే శీలావతి ముక్కలు తెచ్చి వంటింట్లో పడేసేవాడు.

"చూడటం కాదు మద్రాసీ బాబూ, అధ్యయనం. పాలకవర్గం జనాన్ని ఎలా జోకొడుతోందో తెలుసుకోవద్దూ?"

(నాది గుంటూరని పదేళ్లుగా చెబుతున్నా. ఆయన భూగోళంలో ఒడిశా దాటితే మద్రాసే.)

డెబ్భై ఎనిమిది భాగాల అధ్యయనం! టీవీ ముందు దాదా భార్య, మా బౌది, అగరొత్తులు వెలిగించేది. ఆమెది భక్తి, ఆయనది శాస్త్రం. కళ్లు చెమర్చేది మాత్రం ఇద్దరికీ ఒకేచోట. లక్ష్మణుడు మూర్ఛపోయిన వారం సరిగ్గా అప్పుడే లోడ్‌షెడ్డింగ్. సొంత ప్రభుత్వాన్ని ఏనాడూ పల్లెత్తు మాట అనని మనిషి ఆ పూట తిట్టిన తిట్లు విని, పార్టీ మారాడేమోనని భయపడ్డాను.

1988 అక్టోబరులో బి.ఆర్. చోప్రా మహాభారతం వచ్చేసరికి సాకు ఇంకా బలిసింది. మాటలు రాసింది 'ఆధా గావ్' నవలాకారుడు రాహీ మాసూమ్ రజా. ద్రౌపది బెంగాలీ పిల్ల రూపా గంగూలీ. ఇన్ని కారణాలున్నాక కృష్ణుడితో పనేముంది? శంఖం మోగగానే దాదా నిటారుగా కూర్చునేది రజా కోసమే కాబోలు!

2006లో మార్క్సిస్టు మంత్రి సుభాష్ చక్రవర్తి తారాపీఠ్ గుడికి వెళ్లి బాహాటంగా పూజ చేస్తే పార్టీలో రభస జరిగింది. తెలివితక్కువ పని. ఇంట్లోనే కూర్చుని ఆ గుడి మీద ప్రోగ్రాం చూసి "విషయం నాకు పడదు గానీ భలే తీశారు" అని ఉంటే ఆయన్ని అడిగేవాడెవడు? ఇష్టం లేని ఇంటికి దొడ్డిదారిన వెళ్లి, కడుపునిండా తిని, వంట పరీక్షించడానికి వచ్చామనడం మన మేధావులకు బాగా వచ్చిన విద్య. బిగ్‌బాస్‌ని మనస్తత్వశాస్త్రం కోసం చూసేవాళ్లు మన హైదరాబాదులోనూ కోకొల్లలు.

2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ రామాయణాన్ని మళ్లీ వేసింది. ఏప్రిల్ 16న ఒక్కరోజే 7.7 కోట్ల మంది చూశారని ప్రకటించుకుంది కూడా. ఆ రోజుల్లోనే ఓ రాత్రి తొమ్మిదింటికి దాదాకి ఫోన్ చేశాను.

"ఏం చేస్తున్నారు?"

"పునఃపరిశీలన" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "రేపు మాట్లాడదాం బాబూ, లక్ష్మణుడు పడిపోయాడు. ఈ భాగం నాకు ముప్ఫై ఏళ్ల బాకీ" అని పెట్టేశాడు.