ఇది పొగ కాదండీ, ఆవిరి!

నాలుగు గోడల మధ్య వేపింగ్ చేస్తూనే పెద్దమనిషిగా చెలామణీ కాదలచినవారికి కొన్ని సూచనలు. రెండేళ్లుగా నేను ఆచరిస్తున్నవే.

ముందు చట్టం చదవండి. 2019 నాటి నిషేధ చట్టం ఈ-సిగరెట్లు తయారుచేయొద్దంది, దిగుమతి చేయొద్దంది, అమ్మొద్దంది, ప్రకటనలు వేయొద్దంది. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. నిల్వ పెట్టినా ఆర్నెల్ల దాకా లోపలే. జాబితా అంతా వెతికాను, పీల్చొద్దన్న మాట మాత్రం లేదు. అంటే ఎవరూ తయారుచేయని, తేని, అమ్మని వస్తువొకటి నా జేబులో స్వయంభువుగా వెలిసిందన్నమాట. భక్తి ఉండాలి గానీ!

ఇక 2003 నాటి పొగాకు చట్టం. బహిరంగ ప్రదేశాల్లో పొగతాగితే 200 రూపాయల దాకా జరిమానా. కానీ అందులో పొగతాగడమంటే పొగాకు తాగడం. మనది ద్రవం. ఎవరైనా గోడమీది బోర్డు చూపిస్తే "ఇది పొగ కాదండీ, ఆవిరి" అనండి. ఇడ్లీపాత్ర మీద లేచేదీ ఆవిరేగా! నికోటిన్ సంగతి అడిగినప్పుడు చూసుకుందాం.

బాత్రూంలో అయితే ముందు ఫ్లష్ నొక్కండి.

సినిమా హాల్లో పొగాకు హెచ్చరిక వేస్తున్నంతసేపూ ఆగండి. బాగుండదు.

సిగరెట్ మానడానికే ఇది అని అందరికీ చెప్పండి. నేనూ అందుకే మొదలుపెట్టాను. సిగరెట్‌కి ఒక మర్యాద ఉండేది, అయిపోయేది. వేలు చురుక్కుమనగానే పారేసి సీటుకొచ్చేవాణ్ని. తాగాలంటే ఐదంతస్తులు దిగాలి, ఎవరినో అగ్గిపెట్టె అడుక్కోవాలి. ఆ బద్ధకానికే రోజుకి నాలుగు తగ్గేవి. దీనికి పీక లేదు, దిగే పనీ లేదు. రాత్రి ఫోను పక్కనే ఛార్జింగ్ పెట్టి పడుకుంటాను. పొద్దున చెయ్యి ముందు వెళ్లేది ఫోను మీదికి కాదు. రోజుకెన్నిసార్లని మా ఆవిడ అడిగితే తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

చివరగా, ఫ్లేవర్ సీజన్‌ని బట్టి ఎంచుకోండి. పోయిన కార్తీకంలో ఒక ఆస్పత్రి లిఫ్టులో, ఒక్కణ్నే కదా అని మామిడి ఫ్లేవర్ ఒక దమ్ము లాగాను. రెండో అంతస్తులో ఎక్స్‌రే కవరు చంకన పెట్టుకుని ఓ పెద్దమ్మ ఎక్కింది. చటుక్కున పిడికిలి బిగించాను. ఆమె గట్టిగా గాలి పీల్చి నావైపు చూసింది.

"మామిడిపండు వాసనొస్తుంది గద బిడ్డా! గీ దినాలల్ల యాడ దొరికినయ్? మా ముసలాయన నాలుగొద్దుల సంది ఏం తింటలేడు. గదైతే తింటడేమో."

"మొజంజాహీ మార్కెట్‌లో అడిగి చూడమ్మా" అన్నాను.