మూసినా తెరిచినట్టే!

మా కొత్తిల్లు చూడ్డానికొచ్చిన చుట్టాలంతా హాల్లో నిలబడి ముందుగా అనే మాట, "అబ్బ, గాలి ఎంత బాగా వస్తోందండీ!" అని. అప్పుడు మా ఆవిడ ముఖం చూడాలి. ఎందుకంటే ఆ సమయానికి కిటికీలన్నీ మూసే ఉంటాయి.

మాది విశాఖపట్నం. పడగ్గదులకు టేకు కిటికీలు, హాలుకు యూపీవీసీ స్లైడింగువి. చెక్క రెక్క వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది, తెరుద్దామంటే రాదు. వేసవిలో ఎండి ముడుచుకుంటుంది, మూసినా సందు మిగులుతుంది. మిగతా చెక్కలతో పోలిస్తే టేకు తక్కువే కదులుతుందట. ఆ సంగతి మా కిటికీలకు ఎవరూ చెప్పినట్టు లేదు.

వడ్రంగి వచ్చి రెక్కకీ చట్రానికీ మధ్య వేలు దూర్చి చూశాడు. "కర్ర మాదే గానీ, గోడ మేస్త్రీది కదండీ" అన్నాడు. మేస్త్రి రసమట్టం పెట్టి చూపించి, "గోడ తిన్నగానే ఉంది బాబూ, చట్రమే వంకర" అన్నాడు. యూపీవీసీ కుర్రాడు మరీ ధీమాగా, "ఎండకి ఇది సాగుతాదండీ, అందుకే మేమే గ్యాపు వదుల్తాం" అన్నాడు. విచిత్రమేమిటంటే ముగ్గురూ చెప్పిందీ నిజమే. గాలి మాత్రం ముగ్గురి సందుల్లోంచీ వస్తోంది.

ఇక సలహాలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక విశాఖలో కిటికీల గురించి సలహా ఇవ్వలేని మనిషి లేడు. మా మామగారు మాటలతో ఆగే రకం కాదు. ఫ్యాన్లన్నీ ఆపించి, అగరొత్తి వెలిగించి, చట్రం చుట్టూ నెమ్మదిగా తిప్పారు. పొగ నిలువుగా లేచినచోట బాగున్నట్టు, పక్కకి వంగినచోట సందున్నట్టు. ఆ వెనకే నేను పెన్సిల్‌తో గుర్తులు పెడుతున్నాను. ఎదురింటావిడ ఇదంతా చూసి, "కిటికీకి వాస్తు దోషమాండీ?" అని తమ పురోహితుడి నంబరు పంపించింది.

గుర్తులన్నీ పెట్టాక మామగారు తీర్పు చెప్పారు. చట్రానికీ గోడకీ మధ్య సందు కదలదు కనుక అక్కడ సిలికాన్. రెక్కకీ చట్రానికీ మధ్య సందు రోజూ తెరిచి మూసేది కనుక అక్కడ రబ్బరు బీడింగు. స్లైడింగు రెక్కల అంచున అరిగిపోయిన నూగు పట్టీ తీసి కొత్తది. గోడ తడిగా ఉంటే సిలికాన్ పట్టదు. మామూలు సిలికాన్ మీద రంగు నిలవదు, కాబట్టి పెయింటరు పని ముందే అయిపోవాలి.

సిలికాన్ వేసిన సాయంత్రం ఇల్లంతా వెనిగర్ వాసన. ఆ రకం ఆరేటప్పుడు అలాగే వస్తుందని చెప్పినా వినకుండా మా అత్తగారు వంటింట్లో పచ్చడి జాడీలన్నీ మూతలు తీసి వాసన చూసొచ్చారు.

అయితే పనివాడికి ఉత్సాహం ఎక్కువైంది. స్లైడింగు చట్రం అడుగున బయటివైపు చిన్న చిన్న చిల్లులుంటాయి, పట్టాల్లో చేరిన వాన నీళ్లు పోవడానికి. వాటినీ శుభ్రంగా పూడ్చేశాడు. మొదటి వానకే పట్టాలు నిండి, నీళ్లు హాల్లోకి పొర్లాయి. మామగారు బ్లేడు పుచ్చుకుని ఒక్కో చిల్లూ గీకి తెరుస్తూ, "ఇల్లన్నాక మూయాల్సినవి కొన్ని, వదలాల్సినవి కొన్ని" అన్నారు. వంటింటి వెంటిలేటరు జోలికి మాత్రం ఎవర్నీ పోనివ్వలేదు. గ్యాసు పొయ్యి వెలిగేచోట గాలి ఆడాల్సిందే.

ఇల్లు కట్టుకుంటున్నవారికి ఒక మనవి. అగరొత్తి పరీక్ష ఆఖరి బిల్లు చెల్లించక ముందే చేయండి. చెల్లించాక పొగ ఎటు వంగినా, ఫోనెత్తేవాడుండడు.