అవి లవ్‌బర్డ్స్ కావండీ!

చీపురుపల్లిలో మా వీధికి అద్దెకొచ్చిన వాళ్లకి మొదటే చెప్పేస్తాం: చిలకల మాస్టారి వరండా ముందు ఆగి "లవ్‌బర్డ్స్ బావున్నాయండీ" అనకండి. అన్నారో, విజయనగరం పాసింజరు తప్పిపోయినట్టే.

"అవి లవ్‌బర్డ్స్ కావండీ!" అంటూ మాస్టారు కుర్చీ వేసేస్తారు. "ఇవి బడ్జీలు. ఊరు ఆస్ట్రేలియా. మనిషంతా కలిపి 40 గ్రాములుండదు. అసలు లవ్‌బర్డ్స్ ఇదిగో, ఈ పంజరంలోవి. పొట్టి తోక, బొద్దు ఒళ్లు, ఊరు ఆఫ్రికా. మొత్తం 9 రకాలు." ఎనిమిదో రకం దగ్గర పేరు తట్టదు. మళ్లీ మొదట్నుంచి మొదలెడతారు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు, మధ్యలో వదలరు.

బడ్జీల్లో ఆడామగా తేల్చడం ఆయనకి పెళ్లిచూపులంత పని. ముక్కు మొదట్లో ఉండే మెత్తటి పొర నీలమైతే మగ, గోధుమరంగైతే ఆడ. పిల్లప్పుడది తేలదు. తొందరపడి సత్యభామ అని పేరు పెట్టిన పిల్లకి తీరా ముక్కు నీలం తిరిగింది. పేరు మాత్రం మార్చలేదు. "కూచిపూడిలో భామ వేషం కట్టింది మగాళ్లే కదండీ!"

నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే ఆవిరి చిలకల ప్రాణం తీస్తుంది కాబట్టి కూతురు కొనిచ్చిన పెనం అటకెక్కింది. (ఇనప పెనం మీదే దోసె బావుంటుందనుకోండి, అది వేరే సంగతి.) సాయంత్రం పిట్టల్ని ఇంట్లో వదిలితే ఫ్యాన్లు బంద్, మే నెలైనా సరే. షుగరున్న వాళ్లంతా పిట్టలు తినే కొర్రల మీద పడి రేటు పెంచేశారని మాస్టారికి వాళ్లమీద కోపం. ఆయనకీ షుగరే. ఆయన మాత్రం అన్నమే తింటారు.

అసలు చూడాల్సింది ఆ ఇంటి క్యాలెండరు. పీచుపండు రంగు మొహమున్న లవ్‌బర్డ్ ఆడది గూటికాలం వచ్చిందంటే కాగితాన్ని బతకనివ్వదు. అంచు పట్టుకుని టిక్కుటిక్కుమని వరసగా బెజ్జాలు కొట్టి, కత్తిరించినట్టు సన్నటి పట్టీ చీలుస్తుంది. మెడ వెనక్కి తిప్పి, ఆ పట్టీని తోకమీది ఈకల్లో దోపుకుంటుంది. ఒకటి కాదు, అయిదారు. జడలో చామంతులు తురుముకున్న పెళ్లికూతురిలా గూటికి ఎగురుతుంది. సగం దారిలో రాలిపోతాయి. ఆ ముక్కలేరుకుని మాస్టారమ్మ పాల లెక్క చూసుకుంటుంది.

"ఏటండీ ఇది, పన్నెండో తారీఖు దాని తోకలో ఉంది. పాలవాడికి ఏ లెక్క చెప్పమంటారు?"

మాస్టారి చెవికెక్కితేగా! "ఫిషర్ రకమైతే ముక్కున కరుచుకుని మోస్తుందోయ్, ఇది తోకలో దోపుతుంది. ఈ రెంటికీ పుట్టిన పిల్లకి ఎలా చెయ్యాలో తెలీదు! దోపబోతుంది, పడేసుకుంటుంది, మళ్లీ దోపబోతుంది. అమెరికాలో డిల్గర్ అనే ఆయన 1962లోనే రాశాడు."

"మన పెద్దాడి బాపతన్నమాట. అత్తారింటికని సంచి సర్దుతాడు, ఇక్కడ దిగుతాడు."

రామచిలకని పెంచరేమని అడిగితే మాత్రం మాస్టారు ఒంటికాలిమీద లేస్తారు. మన అడవి చిలకని పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. మొన్న కనకమహాలక్ష్మి అమ్మవారి జాతరలో చిలకజోస్యం అతను కనబడేసరికి నిలబెట్టి ఆ చట్టమంతా ఒప్పజెప్పారు. అతను ఓపిగ్గా విని, "కూకోండి బావూ" అని పంజరం తలుపు తీశాడు. చిలక బయటికొచ్చి, నాలుగు కార్డులు పక్కకి నెట్టి, అయిదోది లాగింది.

ఇంటికొచ్చాక మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు.

"ఏటొచ్చింది?" అంది మాస్టారమ్మ పెనం మీద పిండి తిప్పుతూ.

"మనింటికి విదేశాలవాళ్లు వస్తారట."

"ఆస్ట్రేలియావాళ్లా, ఆఫ్రికావాళ్లా?"